చుక్క

సునాబెడ క్వార్టర్సులో, వాన వెలిసిన సాయంత్రం,
బిశోయి గారు దాన్ని తువాల్లోంచి విప్పారు
పత్యం అన్నం విప్పినట్టు.
నుదుట చెక్కిన అక్షరాలు తెలుగు కావు, ఒడియా కావు.
జయపురం కోర్టు ఎదుట జెరాక్సు షాపు నాది,
రెండు లిపుల మీద బతికేదాన్ని.
మూడోది గుడ్లప్పగించి చూశాను.

"రష్యా ఇంజినీరు వెళ్తూ వెళ్తూ ఇచ్చేసేడు,
విమానం ఇంజన్లు నేర్పడానికొచ్చినోడు."
రెండువేల రెండొందలన్నారు. పదిహేనొందలన్నాను.
మాటాడకుండా మళ్ళీ తువాల్లో చుట్టడం మొదలెట్టారు.
పద్దెనిమిదొందల దగ్గర ఇద్దరం ఆగాం.
తోలు సంచీ ఊరికే ఇచ్చారు, పట్టీ తెగిందని.
గుమ్మం దాకా వచ్చి ఒక్క మాట:
"నొక్కగానే తిప్పెయ్ మా. నిలబడిపోకు."

సంతలో కొన్న కోడిలా చంకన పెట్టుకుని బస్సెక్కాను.

మొదటి వారం రీలు లేకుండానే గడిపాం.
నొక్కితే ఇనప్పెట్టె మూత పడ్డ చప్పుడు,
కన్ను పెట్టిన చోట చిమ్మచీకటి.
డబ్బు కొలాబు పాలయిందనుకున్నాను.
తర్వాత తెలిసింది, దాని పద్ధతే అంత:
లోపల అద్దం పైకి లేచి అక్కడే ఉండిపోతుంది,
మీట తిప్పితేగానీ ఊరు తిరిగి రాదు.

ఎండని కొలిచే ముల్లు లేదు.
వకీళ్ళ నల్లకోటుకెంత, సున్నం గోడకెంత,
పాడైన అఫిడవిట్ల వెనకవైపు రాసుకున్నాను:
పదకొండు గంటలు, నీడ, అరవై, ఎనిమిది.

రీలు విశాఖ నుంచి రాత్రి బస్సులో వచ్చింది,
డ్రైవరు సీటు కింద, ఎవరివో రెండు కొబ్బరికాయల మధ్య.
ముప్ఫై ఆరు బొమ్మలు.
ఒక్కోటి ఎంత పడుతుందో లెక్కేసి
ఆ కాగితం చింపేశాను.

స్టాంపుల పండా గారి సిరా వేళ్ళు.
బెంచీ కింద నిద్రపోయిన బంట్రోతు.
వాయిదా పడ్డాక కోర్టు మెట్ల మీద కూచుని
సొరబుర్రలోంచి రాగి అంబలి తాగుతున్న ముసలామె.

కడిగించి తెప్పిస్తే
అన్నిటికీ కుడిపక్క పైమూల ఒకటే తెల్ల చుక్క.
పండా గారికి ఆవగింజంత,
బంట్రోతుకి మిరియమంత,
ముసలామెకి బఠాణీ అంత.

రెండు రాత్రులు, లైటార్పి, టార్చి పెట్టి వెతికాను.
లోపలి గుడ్డతెరకి సూదిమొన బెజ్జం.
ఎప్పుడో ఎవరో నొక్కి, తిప్పడం మరిచి,
ఎండకెదురుగా వదిలేసి ఉంటారు.
అద్దం లేచి ఉన్నంతసేపూ
ఆ బెజ్జంలోంచి వెలుతురు కారుతూనే ఉంటుంది
తీసేసిన బొమ్మ మీదికే.
పండా గారు డబ్బులకి కేకేశారు, వెంటనే తిప్పేశాను.
ముసలామె బుర్ర దించి నాకేసి చూసింది.
నా వేలు మీటని మరిచిపోయింది.

శీతాకాలం, పెన్షను కాగితాల కాపీలకి వచ్చారు బిశోయి గారు.
బొమ్మలు బల్ల మీద పరిచాను.
మనుషుల్ని చూడలేదు. మూలలు చూశారు.
తర్వాత పాసుపుస్తకం అట్టలోంచి
ఒక ఫొటో తీసి పక్కన పెట్టారు.
దండెం మీద చీర ఆరేస్తూ ఒకామె,
నోట్లో క్లిప్పు, తల సగం ఇటు తిప్పి.
పైమూల చుక్క:
రూపాయి బిళ్ళంత, అంచులు చెదిరి,
చీర కొస దాకా తినేసింది.

ఎవరని అడగలేదు.
"మెషీన్ తప్పు" అన్నారు.
అవునన్నాను.

"ఇది కూడా ఒకటి తియ్ మా."
చుక్క కనపడకుండా ముదురు చెయ్యనా అని అడిగితే
ఫొటో మీద అరచెయ్యి పెట్టారు.
తీసేదాకా ఆగాను.
మూత వేసి మీట నొక్కితే
ఆకుపచ్చ వెలుగు ఈ అంచు నుంచి ఆ అంచుకి నడిచింది.

పది రూపాయలు బల్ల మీద పెట్టారు.
వద్దండీ అన్నాను.
"పెన్షను కాగితాలకి" అన్నారు.