తెర దాకా ఆరడుగులు

గాజువాక మునిసిపల్ బడి, మూడో గది.
ఐదో తరగతి బల్ల మీద చెయ్యి పెడితే వేలికి సిరా రాశారు.
అట్టచాటుకి నడుస్తుంటే
ప్రతిసారీ లాగే గెన్నాదీ పెత్రోవిచ్ గుర్తొచ్చాడు.

ఎనభై ఆరు. ప్లాంటుకి పునాదులు తవ్వుతున్న రోజులు.
నేను దుబాసీని,
నోటి నిండా రెండు భాషల బోల్టులు, నట్లు.
మధ్యాహ్నం టీలో నిమ్మచెక్క లేదని
రోజుకొకసారి నిట్టూర్చి అతను చెప్పేవాడు:
"మా ఊళ్లో చీటీ మీద ఒకటే పేరు.
పార్టీ మనిషి కావచ్చు, పార్టీలో లేని పాలమనిషి కావచ్చు,
ముందే ఎవరో ఎంచి పెడతారు.
సరేననుకుంటే మడిచి పెట్టెలో వెయ్యి.
కాదనుకుంటే తెర వెనక్కెళ్లి గీత కొట్టు.
వద్దనేవాళ్లు లేరు.
తెర దాకా ఆ ఆరడుగులూ మాత్రం
హాలంతా లెక్కపెడుతుంది."

తెలుగులో చెబితే
రిగ్గర్ మేస్త్రి దాలినాయుడు పగలబడి నవ్వాడు.
"ఒకే పేరయితే మరి ఓటేటికమ్మా?
పెళ్లికొడుకొక్కడే అయితే పెళ్లిచూపులేటికి?"
అది రష్యన్‌లోకి తేవడానికి నాకు సాయంత్రమైంది.

గెన్నాదీ నవ్వలేదు.
"మా అమ్మ ఇంటికప్పు మూడేళ్లు కారింది. అర్జీలు ఏడు.
ఎన్నికల ముందు ఇంటింటికీ తిరిగే కుర్రాడొస్తే
తలుపు సందులోంచి అంది:
కప్పు వెయ్యండి, లేదా ఓటుకి రాను.
వాడికి నూటికి తొంభై తొమ్మిది మంది రావాలి.
శుక్రవారం రేకులొచ్చాయి.
ఆదివారం అమ్మ మంచి శాలువా కప్పుకుని వెళ్లి
ఓటేసి, అక్కడమ్మే నారింజలు రెండు కిలోలు తెచ్చింది.
మా ఊళ్లో నారింజలు చూడాలంటే
ఎన్నికలు రావాలి."

దాలినాయుడు ఈసారి నవ్వలేదు.
వాళ్ల ఊరు ప్లాంటు కింద పోయింది.
ఆర్ కార్డు కవర్లో, కవరు బనీను జేబులో.
"మాకు ఏడు పార్టీలు," అన్నాడు కాసేపటికి.
"ఏడుగురూ వొస్తారు, ఏడుగురూ ఉజ్జోగమంటారు.
కప్పు కారతానే ఉంటాది."
ఆ మాట నేను మార్చలేదు.
గొంతు నొప్పి అన్నాను.

తొంభై ఒకటి చలికాలంలో
వాళ్ల దేశం పేరు మీదే ఎవరో గీత కొట్టారు.
క్వార్టర్ ఖాళీ చేస్తూ అతనిచ్చిన ఇస్త్రీపెట్టె
ఇంకా పనిచేస్తుంది, మోయలేనంత బరువు.

ఇవాళ మా వార్డుకి పద్నాలుగు మంది.
కుట్టుమిషను, టార్చిలైటు, గ్యాసుపొయ్యి, కొబ్బరికాయ.
ముగ్గురు ఒకే కాంట్రాక్టరు చుట్టాలు.
ఒకాయన మెళ్లో కొత్త కండువాకి దుకాణం మడత పోలేదు.
రాత్రి గేటు సందులోంచి రెండు కవర్లు జారాయి,
పార్టీలు వేరు, లోపల నోటు రంగొకటే.

దాలినాయుడి మనవరాలు సుభాషిణి కూడా నిలబడింది,
ఎర్రజెండా, ఒంటి రంగు కరపత్రం,
దాన్నిండా గెడ్డ గురించే.
మొన్న తలుపు తడితే సందులోంచి చూసి
పాత మాటొకటి వాడి చూశాను:
"గెడ్డకి గోడ కట్టకపోతే ఓటుకి రానమ్మా."
ఎండకి కమిలిన మొహంతో నవ్వింది.
"రాకపోతే వాళ్లకే లాభం పిన్నీ.
ఇక్కడ మీరు రాలేదని ఎవరికీ నిద్ర పట్టకుండా పోదు."

ముద్ర గుద్దాను. ఎక్కడో చెప్పను.
చెప్పకపోవడం ఒక్కటీ
నాకు ఈ గది ఇచ్చింది.

గేటు బయట ఏజెంటు నా పేరుకి టిక్కు పెట్టుకున్నాడు.
గోడ వారన కమలాపళ్ల బండి,
రోజూ ఉండేదే.
లైన్లో ఎవరూ అటు చూడటం లేదు.
రెండు కిలోలు తూయించాను.