చింతగింజ, సుబాబుల్ గింజ

అసలు ఎన్నిక కాదది.
అసలుదానికి ముందు మాలో మేం పెట్టుకున్నది.

ఏడో వార్డుకు కాలనీలో ఇద్దరు లేచారు:
మంచినీళ్ల మోటారు ఆడించే జక్కరయ్య,
నాతోపాటు గ్రేడింగుకొచ్చే తబితమ్మ.
ఇద్దరూ నిలబడితే ఓటు చీలుద్ది,
చీలిన సందులోంచి మూడోవాడు నడిచొస్తాడు.
పోయినసారి అట్టాగే వచ్చాడు,
మా వీధి కాలవ మీదికి రావాల్సిన బండలు
వాళ్ల గేటు ముందు పరుచుకున్నాడు.

కాయితం మీద రాయమంటే సగం మందికి రాదు.
చేతులెత్తమంటే
మామ ఎదురుగా కోడలి చెయ్యి లేవదు.
గింజలన్నాన్నేను.
చింతగింజ జక్కరయ్యకి, సుబాబుల్ గింజ తబితమ్మకి.
రెండూ గుప్పిట్లో పట్టుకుని
ఖాళీ బ్యారన్‌లోకి ఒక్కొక్కరే పోవాలి,
కావాల్సింది పాలక్యాన్లో,
అక్కర్లేంది గోతంలో.

మంటేసి రెండేళ్లయినా
ఆ గోడలకింకా కమురు వాసన.
సాలమ్మవ్వను మంచంతో మోసుకొచ్చారు.
బయటికొచ్చి ఎవరికేసిందో చెప్పబోతే
నలుగురం కలిసి నోరు మూశాం.
"ఎవరికెయ్యాలో చెప్పినోళ్లనే చూశా ఇన్నేళ్లూ,
చెప్పొద్దన్నోళ్లు మీరేనే" అని
బోసినోటితో చాలాసేపు నవ్వింది.

లెక్కకు కూర్చోగానే కరెంటు పోయింది.
సెల్లు లైట్లు తీశారు. వద్దన్నా.
ఇరవై రెండేళ్లుగా ఆకు తడిమి
ఏ గ్రేడో చెప్పిన వేళ్లివి.
టంగుటూరు వేలంలో బయ్యరు మాట మార్చాడేమో గానీ
నా వేలెప్పుడూ మార్చలేదు.
చింతగింజ మూలలు తేలి, బరువుగా,
సుబాబుల్ గింజ పలచగా, జారిపోతా.
అరవై ఎనిమిది.
డెబ్భై ఒకటి.

మూడు గింజలు.
జక్కరయ్య తువ్వాలు దులిపి భుజానేసుకున్నాడు.
తెల్లారి మా వీధికి నీళ్లు
పావుగంట ఆలస్యంగా వదిలాడు.
అంతే. ఎల్లుండికి మామూలే.

తబితమ్మ డిపాజిట్టు డబ్బులు కొంగున ముడేసుకుంది,
కులం సర్టిఫికెట్టు మూడు జిరాక్సులు తీయించింది.
పంచాయతీ ఆఫీసు తలుపుకి
ఇంకా జిగురు ఆరని కాయితం.
"మీ ఊరిప్పుడు ఊరు కాదమ్మా,
మునిసిపాలిటీలో కలిపేశారు.
మూడూళ్లకి కలిపి ఒక వార్డు.
ఎలక్షను ఎప్పుడో తెలీదు,
అందాకా స్పెషలాఫీసరుగారు."
సెక్రటరీ చెప్పింది మంచిగానే చెప్పాడు.
ఉపాధి పని కార్డు ఇంక చెల్లదని కూడా
అంతే మంచిగా చెప్పాడు.
ఇంటిపన్ను సంగతడిగితే
ఫ్యాను వంక చూశాడు.

గ్రామసభ పెట్టి తీర్మానం చేశారంట.
తేదీ చూశాం.
ఆరోజు కాలనీ కాలనీ
ముదురాకు రెలుపులో ఉంది,
చేతులకి జిగట,
అన్నం ముద్ద కూడా చేదే.

తబితమ్మ గట్టిగా ఏం అడగలా.
"దీనికెవరన్నా గింజలేశారా సార్?" అంది.
ఆయనకు అర్థం కాలా.
మాకు నవ్వొచ్చింది, మెట్లు దిగేదాకా.
దిగినాక రాలేదు.

పొద్దుగూకాక జక్కరయ్య వచ్చాడు.
రేపట్నించి తన జీతం ఎవరిస్తారో వాడికీ తెలీదు.
గడప బయటే కూర్చుని
చాలాసేపు వాల్వు తాళంచెవి తిప్పుకుంటా,
"మూడూళ్ల కాలనీలూ కలిపితే
ఎన్ని గింజలు కావాలక్కా?" అన్నాడు.

సుబాబుల్‌కేం, డొంకనిండా రాలేది అదే.
చింతకాయే ఈ ఏడు తక్కువ కాసింది.
పండు కొట్టేటప్పుడు
గింజలు పారబోయొద్దని
రేపు ఇల్లిల్లూ తిరిగి చెప్పాలి.