నలభయ్యో ఆకు

లివోండే వంతెనకి ఇవతల, రేకు నీడలో నా కొట్టు.
కొట్టంటే ఓ గోనెపట్టా, రెండు పాలడబ్బాలు,
ట్యూబు ముక్కలతో బిగించిన ఆకుల కట్టలు.
కట్ట మొత్తం కొనేవాడు ఏడాదికొకడు కూడా రాడు.
విడిగానే అమ్ముతాను,
ఎండుచేపల్లా, లెక్కపెట్టి.

వానలు వెలిసిన వారం
సుమాయిలి వెనక చక్రం భుజానేసుకుని వచ్చాడు.
అద్దె సైకిలు తొక్కుతాడు. వెనక ఎర్రదిండు, దానిమీద ఎవరో ఒకరు.
ఆ రోజు మనిషి కాదు, రెండు బస్తాల బొగ్గు.
గుంటలో పడి చక్రం కాల్చిన అప్పడమైంది.
ఏడు ఆకులు తెగాయి,
మిగతావి తెగడానికి వరసలో ఉన్నాయి.

"ఆ ఏడూ వేసి బెండు తీసెయ్, ఆసియాతక్కా."
"బెండు తీస్తే తీరేది కాదు. అంతా విప్పాలి. నలభై."
నలభై అన్న మాటకి సుమాయిలి
షిరే నది వైపు చూశాడు,
అదేమైనా తగ్గించి చెబుతుందేమోనని.

బావమరిది చక్రం సగం సంపాదనకి అద్దెకి తీసుకుని
రోజుకి రెండు కొనేవాడు, ఓ రోజు మూడు,
శుక్రవారం ఒకటే.
పొద్దుగుంకే వేళ తడి నోట్లు విప్పుతూ
ఏ ఆకు ఎవరిదో చెప్పేవాడు.
ఇది మంత్రసానిది. ఇది లెక్కల మాస్టారిది, బేరమాడాడు.
ఇది చేపలబుట్టది, దిండు ఇంకా కంపే.
ఇది ఓ తాగుబోతుది,
దారంతా ఏడ్చి, దిగాక చిల్లర అడగలేదు.
వచ్చినవి వచ్చినట్టు కుండలో గుచ్చి
మేకుకి వేలాడదీసేదాన్ని.
ఎవరైనా ధర అడిగితే
"అమ్మకానిది కాదు, మొలుస్తోంది" అనేదాన్ని.

కుండ లావు, రింగు లోతు,
ఒక ఆకు ఎన్ని ఆకుల్ని దాటి వెళ్ళాలి,
వీటిని బట్టి దాని పొడుగు.
ఇంచుమించు అనేది అప్పులో చెల్లుతుంది,
పెళ్ళిలో అయితే మరీ చెల్లుతుంది.
ఇక్కడ చెల్లదు.
ఇరవై మూడేళ్ళుగా ఇదే చెప్పాను, ప్రతివాడికీ.

ముప్పై తొమ్మిది దగ్గర సరుకు అయిపోయింది.
లారీ సరిహద్దులో ఆగిందన్నారు,
డీజిలు లేదన్నారు, రేపన్నారు.
సుమాయిలి గోనెపట్టా అంచున కూర్చున్నాడు.
"ఒక్కటే కదా, అక్కా."
డబ్బా అడుగున ఒకటుంది. నూలు పొడుగు.
వాడి కంటికి తెలీదు.
నా చేతికి తెలుసు.
వేశాను.

సుద్దముక్క రింగుకి ఆనించి తిప్పాను,
గీత పడ్డచోటల్లా నిపుల్ పావుచుట్టు.
వేలితో మీటితే ముప్పై తొమ్మిది ఒకటే మాట పలికాయి.
ఒకటి గొంతు సవరించుకుంది.
వాడు అప్పటికే చక్రం ఎక్కించి
బజారు వైపు గంట కొడుతున్నాడు.

మూడోనాడు వచ్చాడు, చేతిలో ట్యూబు.
ఆవగింజంత చిల్లు. లోపలివైపు.
అరుస్తాడనుకుని మాటలు సిద్ధం చేసుకున్నాను:
రోడ్డు, బరువు, రబ్బరు నాసి.
వాడు అరవలేదు.
చిల్లు మీద వేలు పెట్టి, నా వైపు చూసి, వేలు తీశాడు.
అంతే.

మొన ఆకురాయితో అరగదీశాను. పంక్చరు వేశాను.
"పద, అవతలి ఒడ్డున పెద్ద కొట్టుంది," అన్నాను.
ఎర్రదిండు మీద ఒకపక్కకి కూర్చున్నాను.
ఇన్నేళ్ళలో నేను కట్టిన చక్రం మీద
నేనెక్కడం అదే మొదలు.
చేపల కంపు నిజమే.

వంతెన మొదలైంది. కింద నీటిగుర్రాల చెవులు.
చక్రం చుట్టు తిరిగొచ్చినప్పుడల్లా
నా తుంటి కింద,
టిక్.
మంత్రసాని, మాస్టారు, చేపలు, తాగుబోతు,
టిక్.
వంతెన అంత పొడుగని నాకెప్పుడూ తెలీదు.
సుమాయిలి వెనక్కి తిరక్కుండా
ఈలేసుకుంటూ తొక్కాడు.

కొట్లో సరైనది దొరికింది.
నా డబ్బుతోనే కొన్నాను. ఒక్కటే.
బయటికొచ్చి, "ఎంతవ్వాలి?" అన్నాను,
వద్దంటాడని.

నా చేతిలో ఆకు వైపు చూశాడు.
"దానికెంత ఇచ్చావు?"
చెప్పాను.
"అంతే," అని చెయ్యి చాపాడు.