కరెంటు పోయిన నాలుగు నిమిషాలు

మూడు గంటల టేపుకి మూడు గంటలే పడుతుంది.
తొందరపెట్టేవాళ్లకి ముందే చెప్తాను,
అమ్మా, ఇది జిరాక్సు కాదు,
మీ పెళ్లి మళ్లీ మొదటినుంచీ జరగాలి,
మేళం మొత్తం మోగాలి, ఆఖరి పంక్తి లేవాలి,
అప్పుడుగానీ డిస్కులోకి దిగదు.

పెరంబూరు బేరక్స్ రోడ్డులో
మేడమెట్ల కింద నా కొట్టు.
మిగిలింది ఒక్కటే వీసీఆర్.
బెల్టు తెగితే రిచీ స్ట్రీటంతా గాలించి
ఏదో టేప్ రికార్డరుది తెచ్చి బిగించాను.
నడుస్తోంది, కాస్త మూలుగుతూ.
దాని గడియారంలో మాత్రం ఎప్పుడూ పన్నెండే.

ఈ ఊరి ఉప్పుగాలికి టేపులు బూజు పడతాయి,
ఊరగాయ మీద తెల్లపొరలాగా.
స్పిరిట్ గుడ్డతో తుడుస్తుంటే
వేలికంటేది ఎవరి సీమంతమో తెలీదు.

తెలిసినవీ ఉంటాయి.
అయనావరం, ఓటేరి, ఐసీఎఫ్ కాలనీ,
ఒకప్పుడు తెలుగుపెళ్లి అంటే
భుజాన కెమెరాతో నేనే.
హృదయాకారంలో తెరుచుకునే పెళ్లికూతురూ
గులాబీపువ్వులోంచి నవ్వే పెళ్లికొడుకూ
నా పాపాలే.
అన్ని పెళ్లిళ్లలోనూ నేను మాత్రం లేను.
ఎక్కడో ఒక దగ్గు,
ఎవరి నాయనమ్మ పట్టుచీర మీదో
కెమెరా ఎత్తిన నీడ.

మొన్న జలజాక్షిగారు వచ్చారు,
పాలసంచిలో ఒక్క క్యాసెట్టు.
తొంభై ఒకటి శ్రావణం, రైల్వే కల్యాణమండపం.
అడ్డుతెర పట్టుకున్నారు,
జీలకర్రా బెల్లం తమలపాకులో సిద్ధంగా ఉంది,
టేపులో కరెంటు పోయింది.

నా కెమెరా బ్యాటరీ మీద తిరుగుతూనే ఉంది.
ఆపడం మర్చిపోయాను.
నాలుగు నిమిషాలు ఉత్త నలుపు.
అందులో నా గొంతు, ఇరవై ఆరేళ్ల పొగరుది:
“ఏళుమలై, జనరేటర్ ఏదిరా, చచ్చినోడా!”
“డీజిల్ లే అన్నా.”
ఎవరో కంచం తొక్కారు.
పురోహితుడు విసనకర్ర అడిగాడు.
నాదస్వరం ఒక్క క్షణం తడబడి
తనకి దీపం అక్కర్లేదని గుర్తొచ్చినట్టు మళ్లీ ఎత్తుకుని
ఎవరో కసరగానే ఆగిపోయింది.
అప్పుడు మైకుకి బారెడు దూరంలో
మెల్లగా ఒక మగగొంతు:
“చెయ్యిటివ్వు. తెర కిందనుంచి.”
గాజులు.
ఆపుకోలేని నవ్వు.

“ఇది తీసేస్తానమ్మా, ఏమీ కనబడదు” అన్నాను,
అలవాటుగా.

ఆవిడ స్టూలు మీంచి లేచి
టీవీకి చెవి ఆనించేంత దగ్గరకొచ్చారు.
“మిగతాది మీ ఇష్టం.
తాళి కట్టేటప్పుడు మీ లైటు కళ్లలో కొట్టి
మొహం చిట్లించుకున్నారు ఆయన.
మాట్లాడిందంతా మేళం మింగేసింది.
ఆయన గొంతు ఇక్కడొక్కచోటే ఉంది.”

వెళ్తూ వెళ్తూ వందా యాభై తగ్గించమన్నారు,
నాలుగు నిమిషాలు నలుపే కదా అని.
తగ్గించాను.

ఆ రాత్రి షట్టరు సగం దించి
ఇంకో డిస్కు పెట్టాను, నాకు.
ఆనాడు ఏళుమలై కూలిలో యాభై కోశాను.
తర్వాత ఏ పెళ్లిలో లైటు పట్టుకున్నాడో,
ఏ ఊళ్లో ఉన్నాడో.
తెర నల్లబడగానే కొట్టులో లైటు కూడా ఆపేశాను.

“డీజిల్ లే అన్నా.”

సరేలేరా, అన్నాను.