మూడిళ్ల లంకలో హాజరు

సీతానగరం రేవులో నాగూరు పడవ
కదలడానికే అరగంట పట్టింది.
తెడ్డు వేసిన చోటల్లా గుర్రపు డెక్క,
పైన ఊదారంగు పూలు.
బాగున్నాయని నేను అనబోతే
"పూలేం చేసుకుంటాం సార్, వల దిగదు," అన్నాడు.

నా సంచీలో పాత అట్టలున్నాయి,
గుంటూరు కాలేజీ బీరువాలోవి.
అరవై నాలుగులో తాయారు మేడం
ఈ లంకలోనే కోసి, కాగితాల మధ్య ఒత్తి,
సూదీ దారంతో కుట్టిన మొక్కలు.
ముప్పై ఏళ్లు వాటికి కలరా ఉండలు వేసినవాణ్ణి,
అటెండర్ని.
పచ్చగా ఉన్నప్పుడు అవెలా ఉంటాయో నాకు తెలీదు.

కొత్త మేడం చెప్పింది:
ఉన్నదానికి టిక్కు, లేనిదానికి సున్నా.

నీరుగొబ్బి?
సువార్తమ్మ కొడవలి కొనతో చూపించింది,
మడుగు పక్కన, రెండంటే రెండు.
పిల్లిపీసర?
"మా అత్త బాలింతప్పుడు తవ్వారు. మళ్లీ చూళ్లేదు."
హంసపాది?
ఆమె నా మొహం చూసింది,
ఊళ్లో లేని మనిషిని అడిగినట్టు.
వావిలి?
సర్కారు తుమ్మ కంపలోకి చెయ్యి దూర్చి
ఒక కొమ్మ వంచి నా ముక్కు దగ్గర పెట్టింది.
ఉంది.
ఎండ మొహం చూడక పాలిపోయి, వాసన మాత్రం పోకుండా.

పిలవని పేర్లన్నీ ముందు బెంచీలో కూర్చున్నాయి.
వయ్యారిభామ, తెల్లపూసలు పెట్టుకుని,
తగిలితే దద్దుర్లు.
గట్టు పొడుగూతా లొట్టపీసు, మేకలు కూడా మూతి పెట్టనిది.
తుమ్మకాయల్ని మాత్రం ఆ మేకలే తిని
లంకంతా నాటాయట.

"వరద తీసినప్పుడల్లా కొత్త ఇసక పడుద్ది సార్.
రెల్లు లేచేలోపు ఇవి లేస్తాయి.
రెల్లు కప్పిన ఇల్లు ఆఖరిది మాదే.
ఇప్పుడు రేకులు."

మధ్యాహ్నం ఆమె గిన్నె విప్పింది:
అన్నం, గొడ్డుకారం, ఉల్లిపాయ.
మిరపకాయ కూడా ఓడెక్కి వచ్చిందేనని
తాయారు మేడం అన్నప్పుడు
గుంటూరువాణ్ణి, రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు.
ఆ మాట చెబితే సువార్తమ్మ
కారం పొలమారేలా నవ్వింది.
"వస్తే వచ్చింది.
నారు పోశాం, నీళ్లు కట్టాం,
పురుగు పడితే పొలం గట్టున కూర్చుని ఏడ్చాం.
ఇయ్యి మనల్ని అడిగినయ్యా?"

కంప గీరిన వేలు ఇంకా నెత్తురోడుతోంది.
కాళ్ల దగ్గరి గడ్డిచామంతి తుంచి
నలిపి రసం పిండుకుంది.
చిన్నప్పుడు మేమంతా పలకకి రుద్దిన ఆకు.
అట్టల్లో వెతికాను.
దొరికింది, ఆవిడ గుండ్రటి అక్షరాల్లో
కింద ఒకే మాట: పరాయిది.

చెప్పలేదు.
నెత్తురు ఆగింది.
ఆ గడిలో టిక్కు పెట్టాలో సున్నా పెట్టాలో తెలీక
పెన్సిలు చెవిలో పెట్టుకున్నాను.

రాత్రి గుంటూరులో బస్సు దిగి
ఇంటి వెలుతురులో చూసుకుంటే
చెప్పుల మట్టిలో, పంట్లాం మడతలో
నల్లటి, సన్నటి గింజలు.
ఏవేవో.
గుమ్మం బయటే శుభ్రంగా దులిపి లోపలికొచ్చాను.

పడుకున్నాక గుర్తొచ్చింది,
మా గుమ్మం బయటంతా ఖాళీ నేల.
తెల్లారితే వాన అన్నారు.