బేగి రా

మధురవాడ కొండవార, మూడో అంతస్తులో
నా ఉద్యోగం అమ్మల్ని చంపడం.

మొదటి నిమిషంలోనే చంపాలి.
ఆడేవాడు బొటనవేళ్ళు సర్దుకునే లోపే
ఊరు తగలబడాలి, వంతెన కూలాలి,
లేదా ఒక దగ్గు. దగ్గు చవక,
బొమ్మలు గీసే ఖర్చు ఉండదు.
నాన్నని చంపక్కర్లేదు,
ఎటో వెళ్ళాడని ఒక ముక్క రాస్తే చాలు.
ఆ తర్వాత కుర్రాడి చేతిలో తాత కత్తి,
ఎదురుగా ఒకటే దారి.

ఒకసారి చంపకుండా చూశాను.
గుహ దాకా వెళ్ళాడు కుర్రాడు.
వెనకనించి కేక:
"ఒరే, అన్నం సల్లారిపోతంది, బేగి రా."
వాడు వెళ్ళిపోయాడు.
రాక్షసుడికి రాసిన మాటలన్నీ
రాక్షసుడి నోట్లోనే ఉండిపోయాయి.
పట్నాయక్ గారు తెర చూసి నవ్వారు:
"అమ్మ ఉంటే ఇంక ఆటెక్కడిదండీ,
ట్యూషనుంటుంది గానీ."

నిజమే.
లోకాన్ని కాపాడి రమ్మని పంపే అమ్మ
నాకూ ఎక్కడా తగల్లేదు.
మా అమ్మయితే రోజూ ఏడున్నరకి
కంచరపాలెం నించి ఫోను:
"ఏటే, ఎంతదాకొచ్చావు?"
ఎండాడలో బస్సు కమ్మీ పట్టుకు వేలాడుతూ
"ఇసుకతోట దాటేశానమ్మా" అంటాను.
నాకు ముప్పైయొకటి.
ఇంతవరకు ఒక్క గుహలోకీ వెళ్ళలేదు.

ఎండాకాలంలో పోలరాజు వచ్చాడు, ఆట పరీక్షించే పనికి.
పెదవాల్తేరు హాస్టల్లో పెరిగినవాడు.
ఉద్యోగం కాగితంలో తండ్రి లేక సంరక్షకుడు అన్న గడిలో
వార్డెను రబ్బరు ముద్ర, కొంచెం వంకరగా.
తప్పులు పట్టడం వాడి పని.
గోడలోంచి దూరిపోయే కోడి,
చెరువు మీద నడిచే మేక,
ముందు పెన్సిలుతో నోటుబుక్కులో,
తర్వాతే కంప్యూటర్లో.

రెండొందల పన్నెండో తప్పు:
"ఇల్లు కాలిపోయాక లోపలికి వెళ్ళనివ్వడం లేదు."

తప్పు కాదని మూసేశాను.
లోపల ఏమీ లేదు, మేం గీయలేదు.
మర్నాడు మళ్ళీ తెరిచాడు. మళ్ళీ మూశాను.
మూడోసారి నా కుర్చీ పక్కకే వచ్చి
"ఆడు అప్పుడే పరిగెత్తడు మేడం" అన్నాడు.
"ముందు లోపల సూస్తాడు, ఏటన్నా మిగిలిందేమోనని."
కాసేపాగి,
"కత్తి కోసం కాదండి."
టీకి వెళ్ళిపోయాడు.

ఇన్నాళ్ళూ నేను రాసింది
అమ్మలున్న పిల్లల కోసం.
ఒక గంట ఎవరూ పిలవకపోతే బాగుండునని
తలుపేసుకున్న పిల్లల కోసం.
వాళ్ళు ఆట ఆపి లేచేసరికి
వంటింట్లో లైటు వెలుగుతూనే ఉంటుంది.

శనివారం ఆఫీసులో ఎవరూ లేనప్పుడు
ఆ తలుపు తెరిచాను.
లోపల నాణేలు పెట్టలేదు, తాళంచెవి పెట్టలేదు.
మసిబారిన దాక, పక్కకి జరిగిన మూత,
గోడకి మేకు, మేకుకి సంచి.
పొయ్యి దగ్గర ఎంతసేపు నిలబడినా
ఏమీ జరగదు, అంకెలు పెరగవు.
రుషికొండ మీద ఫోను చెయ్యి చాచి పట్టుకుని
ఎక్కించుకొచ్చిన గాలి మటుకు వీస్తుంది.

పోలరాజు అక్కడ పదకొండు నిమిషాలున్నాడు.
లెక్క సర్వర్లో ఉంది.
ఆ తర్వాత బయటికొచ్చి, వంతెన దాటి,
రెండు దెబ్బల్లో రాక్షసుణ్ణి పడగొట్టి
ఇంకో ఫిర్యాదు రాశాడు.
రెండొందల పదమూడు: రాక్షసుడు మరీ మెత్తన.

ఆ సాయంత్రం సీటు దొరికింది.
సముద్రం వైపు కిటికీ కాదు, రెండోవైపు.
ఫోను మోగింది.
"ఏటే, ఎంతదాకొచ్చావు?"
"ఎండాడే ఇంకా" అన్నాను.
అవతల కొంచెంసేపు కుక్కరు ఈల ఒక్కటే.
"ఏటయిందే నీకు?"