ఆరు గజాలు

స్కాట్లాండ్ తూర్పు తీరాన రేకుల షెడ్డు నాది.
లోపల ఒక వల, అరిగిన చాప,
నారింజ రంగు రాడార్ పెట్టె.
వచ్చిన మనిషి ఎవరో దానికి అక్కర్లేదు,
కర్ర ఎంత వేగంగా ఊపారో చెబుతుంది, అంతే.

పొద్దున రూరీ వచ్చాడు. పందొమ్మిదేళ్లు,
పైపులు బిగించే పని నేర్చుకుంటున్నాడు,
బూట్లకింకా సిమెంటు.
ఊపాడు. నూట పదహారు మైళ్లు.
రేకులు ఒక్కసారి ఉలిక్కిపడ్డాయి.

మధ్యాహ్నం ఇష్బెల్ కార్గిల్.
ముప్పై ఏళ్లు చేపలకు పొగపెట్టిన చేతులు,
అల్లం కొమ్ముల్లాంటి కణుపులు.
ఊపింది. అరవై రెండు.
"నా వయసుకన్నా పదకొండు తక్కువ,
పర్లేదు," అంది.

ఇద్దరికీ ఒకే కొత్త తల బిగించాను.
టైటానియం. తడితే ఖాళీ బిందెలా మోగేది.
రూరీకి ఇరవై ఒక్క గజాలు పెరిగాయి.
ఆమెకు రెండు.

కంపెనీ కరపత్రంలో ఆ రెండు లేదు.
అందులో అందరూ రూరీలే.

మా నాన్న రోజుల్లో చెక్క తలలు.
బంతి కాస్త పక్కకు తగిలితే చాలు,
బలమున్నవాణ్ణీ లేనివాణ్ణీ
ఒకే నోటితో తిట్టేవి.
ఇప్పటి లోహం మర్యాద నేర్చింది.
ఎవర్నీ తిట్టదు,
పీట మాత్రం మనిషిని చూసి వేస్తుంది.
నిండిన గాదెలోకే మళ్లీ కొలుస్తుంది.

కోపమొచ్చింది నాకు. ఎవరి మీదో తెలియలేదు.
నలభై గ్రాముల కడ్డీ తెప్పించాను, ఈనెలా వంగేది.
ముఖం వాలు పద్నాలుగు డిగ్రీలకు తిప్పాను.
బంతీ మార్చాను:
రూరీ దెబ్బకు పిండిముద్దలా నలిగే బంతి
ఆమె దెబ్బకు ఉత్త రాయి.
మెత్తనిది ఇచ్చాను.
మూడు వారాలకు రెండు ఆరయింది.

ఆరు గజాలంటే
ఈ షెడ్డులో గోడ నుంచి గోడకు.

మా ఏడో హోల్‌కు అడ్డంగా వాగుంది.
పదకొండేళ్లుగా ఆమె బంతి తిన్నగా ఆ నీళ్లలోకే.
సంచిలో ఎప్పుడూ పొడుగు గరిటె ఒకటి,
తోడుకోవడానికి.

శనివారం ఎదురుగాలి లేదు.
బంతి లేచింది, దానికేం తొందరలేదు,
వాగు మీద కాసేపు ఆలోచించింది,
అవతలి గడ్డిలో పడింది.

మేం కేకలేశాం. ఆమె వేయలేదు.
వంతెన దాటి, పొడి బంతి పక్కన నిలబడి
సంచిలోకి చూస్తూ ఉండిపోయింది.
"ఇక్కణ్ణుంచి ఏ కర్ర, డూగల్?
ఈ ఒడ్డు నుంచి రెండో దెబ్బ
నేనెప్పుడూ ఆడలేదే."

నాకూ తెలియలేదు.
పెట్టె షెడ్డులో ఉంది.

అప్పుడే పక్క హోల్ నుంచి రూరీ కొట్టాడు.
కొత్త ఇరవై ఒక్క గజాలూ కలుపుకుని
ఆ బంతి ముళ్లపొదలు దాటింది,
ఇసుక దాటింది,
ఆ తర్వాత సముద్రం.

ఇష్బెల్ గరిటె బయటికి తీసి
వాడికి కనిపించేలా ఊపింది.